మైనరు బిడ్డల రక్తదానము: తండ్రి సంతకమునకు గల విలువ



పదునేడేండ్ల కుమారుఁడు రక్తమిచ్చుటకు ముందునకు వచ్చినపుడు, తండ్రి "నాకు సమ్మతమే" యని కాగితముపై సంతకము చేసినచో ఆ రక్తమును తీసికొనవచ్చునా? ఈ ప్రశ్న నన్నడిగినవారు మా ప్రాంతమున ఒకరిద్దఱు కారు. నాకు వైద్యము తెలియదు. ముప్పదియైదేండ్లు పాఠశాలలో పిల్లల వయస్సులు రిజిస్టరున వ్రాసినవాఁడనగుటచేతను, కాగితము చదివి అర్థము చెప్పఁగలనను నమ్మకము ఊరివారికి ఉండుటచేతను, ఇట్టి సందేహములు మా వీధియరుఁగుమీఁదికి వచ్చుచుండును.

ప్రశ్న చిన్నదే గాని ప్రత్యుత్తరము దేశమునుబట్టి మాఱును. మన దేశమున "కూడదు" అని చెప్పవలయును. అమెరికాలో పెక్కు రాష్ట్రములలో, పదునాఱేండ్ల బిడ్డకు సయితము "తల్లిగాని తండ్రిగాని వ్రాసి యిచ్చినచో కూడును" అని చెప్పవలయును. బిడ్డలు ఒక్కటే, నెత్తురు ఒక్కటే. తండ్రి వ్రాలునకు ఒకచోట విలువ కలదు, మఱియొకచోట లేదు. ఇట్లేల యున్నదో విచారించుట యీనాఁటి పని.

ముందుగా ఇచ్చునది యెంతయో తెలిసికొందము. మనుష్యుని శరీరమున, బరువులో ప్రతి కిలోకు సుమారు 70 మిల్లీలీటర్ల చొప్పున రక్తముండును. స్త్రీలలో కొంచెము తక్కువ. 45 కిలోలు తూఁగువానియందు మూఁడు లీటర్ల పైచిలుకు మాత్రమే యన్నమాట. మన దేశమున ఒకమాఱు తీయునది 350 మిల్లీలీటర్లు. 55 కిలోలకు పైఁబడినవారియొద్ద 450 తీయవచ్చును. అందులోని నీటి భాగము ఒకటి రెండు దినములలో మరల చేరును. ఎఱ్ఱకణములు తిరిగి యేర్పడుటకు వారములు పట్టును. వానితోఁబాటు పోయిన యినుము కూడుకొనుటకు నెలలు పట్టును. ఎదిగి నిలిచిన శరీరము ఈ వెచ్చమును సులువుగా తాళును. ఎదుగుచున్న శరీరమునకు ఆ యినుమే కండకును, క్రొత్తగా పెరుఁగుచున్న రక్తమునకును కావలసియుండును. ఆఁడుపిల్లకు నెలనెల పోవునది దీనికి తోడు.

మన రక్తనిధులను, అనఁగా మీరు బ్లడ్ బ్యాంకులని పిలుచువానిని, నడపునవి 1945 నాఁటి ఔషధనియమములు. రక్తదాతకు ఉండవలసిన అర్హతలు అందే చెప్పఁబడినవి; 2020 మార్చిలో వానిని సవరించిరి. దాత 18 ఏండ్లకు తక్కువవాఁడు కాఁగూడదు, 65 దాఁటఁగూడదు. మొదటిమాఱు ఇచ్చువాఁడు 60 దాఁటియుండరాదు. బరువు 45 కిలోలకు తగ్గరాదు. రక్తమునకు ఎఱుపునిచ్చు హీమోగ్లోబిను డెసీలీటరునకు 12.5 గ్రాములైనను ఉండవలయును. ఒకమాఱు ఇచ్చిన పురుషుఁడు 90 దినములు, స్త్రీ 120 దినములు ఆఁగవలయును. వయస్సు చెప్పినచోట "తల్లిదండ్రులు సమ్మతించినచో తప్ప" అను మాట వెదకినను కానరాదు. శాస్త్రగ్రంథములు చదివినవారికి తెలియును: చెప్పిన మాటవలె చెప్పని మాటకును అర్థముండును.

కొన్నేండ్ల క్రిందట ఒక పట్టణపు టాసుపత్రిలో నేను చూచిన సంగతి యొకటి చెప్పెదను. మా పొరుగూరి రైతు భార్యకు శస్త్రచికిత్స జరుగవలసియుండెను. ఎక్కించు రక్తమునకు మార్పిడిగా రెండు సంచుల రక్తము ఇప్పింపుఁడని ఆసుపత్రివారు చెప్పిరి. వచ్చిన బంధువులు ఏడుగురు. ఒకరికి బీపీ యఁట, ఒకరికి మొన్ననే జ్వరము తగ్గినదఁట, ఒకరికి మఱునాఁడు కోఁతలఁట. తుదకు ఇంటర్మీడియెట్టు చదువుచున్న కుమారుఁడు "అమ్మకు నేనిచ్చెదను" అని చొక్కాచేయి పైకి మడిచెను. అక్కడి యుద్యోగిని వాని ఆధారు కార్డు చూచి, "ఇంకను ఐదు నెలలు తక్కువ బాబూ, తీయరాదు" అనెను. తండ్రికి కోపము వచ్చెను. "నా కొడుకు, నా భార్య. సంతకము నేను పెట్టెదను. నడుమ మీరెవరు?" అని కేక వేసెను. ఆమె మాఱు పలుకక, దాతలు నింపవలసిన కాగితమును అతని ముందుంచి, తండ్రి సంతకము పెట్టు గడి యెచ్చట నున్నదో చూపుఁడనెను. తండ్రి పేరు వ్రాయుటకు గడి కలదు, సంతకమునకు లేదు.

ఆ రైతు మూర్ఖుఁడు కాఁడు. కొడుకును బడిలో చేర్చుటకు తన సంతకమే, హాస్టలులో ఉంచుటకు తన సంతకమే, వైద్యునిచే కోయించుటకును తన సంతకమే చాలుచుండఁగా, దీని కేల చాలదని అతని ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్న. దానికి బదులు వైద్యశాలలో కంటె రిజిస్ట్రారు కచేరిలో సులువుగా దొరకును.

మైనరు పేరిట నున్న పొలము సంగతి తలఁచుకొనుఁడు. అమ్మమ్మ వ్రాసి యిచ్చిన రెండెకరములు పిల్లవాని పేరిట నున్నవి. తండ్రి సహజ సంరక్షకుఁడు. సాగు చేయించును, పంట యింటికిఁ దెచ్చును, బావి పూడిక తీయించును. ఎవ్వరును అడుగరు. కాని ఆ పొలమును అమ్మవలెనన్నను, తాకట్టు పెట్టవలెనన్నను ముందుగా కోర్టు అనుమతి పొందవలయును. 1956 నాఁటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టము 8వ సెక్షను ఇట్లు నియమించినది. ఉమ్మడి కుటుంబపు ఆస్తి మాట వేఱు. దాని జోలికి పోయినచో ఈ ప్రసంగమునకిచ్చిన సమయము చాలదు. ఆ సెక్షనులోనే సంరక్షకుని యధికారమునకు కొలత చెప్పఁబడినది. మైనరు మేలు కొఱకు, వాని యాస్తి మేలు కొఱకు అవసరమో యుక్తమో అయిన పనులు అతఁడు చేయవచ్చును. అధికార మంతయు ఆ "మేలు" అను మాటకు కట్టఁబడి యున్నది.

ఇప్పుడు ఆసుపత్రికి మరలి వత్తము. పిల్లవాని కడుపునొప్పికి శస్త్రచికిత్స చేయునపుడు తండ్రి సంతకము చెల్లును. కత్తి తగులునదియు వానికే, మేలు కలుగునదియు వానికే. రక్తమిచ్చునపుడు సూది తగులునది వానికి, మేలు కలుగునది మఱియొకరికి. ఆ మఱియొకరు కన్నతల్లి యైనను న్యాయము దృష్టిలో మఱియొకరే. శిక్షాస్మృతియు ఈ మాటనే పట్టుకొన్నది. 1860 నాఁటి శిక్షాస్మృతిలోని 89వ సెక్షనును, దాని స్థానమున 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలోని 27వ సెక్షనును చూడుఁడు. పండ్రెండేండ్లలోపు బిడ్డవిషయమున సంరక్షకుని సమ్మతిపై ఒకరు చేసిన పనిని అవి కాపాడును. కాని ఆ పని సద్బుద్ధితో ఆ బిడ్డ మేలు కొఱకే చేసినదై యుండవలయును. ఔషధనియమములు తమ వయోనిర్ణయమునకు కారణము విప్పి చెప్పవు. ఈ చట్టములను ప్రక్కప్రక్కన పెట్టి చదివినపుడు నాకు తోఁచిన కారణము ఇది.

మన ప్రాచీనులు దీనిని ఎఱుఁగనివారు కారు. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున, ఈయఁదగినదానిని ఈయఁదగనిదానిని వేఱుపఱచునపుడు, మనుష్యుఁడు తనదైన ద్రవ్యమును కుటుంబమునకు చెఱుపు రాకుండ ఈయవచ్చును గాని ఆలిని, బిడ్డను ఈయఁగూడదను విధి కలదు. బిడ్డ తండ్రివాఁడే, తండ్రి సొత్తు మాత్రము కాఁడు. దానమహిమ చెప్పునపుడు శిబిని, దధీచిని, కర్ణుని తలఁతుము. వా రిచ్చినది తమ తమ శరీరములనుండి. చిరుతొండనంబి కథ యెత్తి నన్ను అడుగువారుందురు. అది భక్తికథ, వ్యవహారమునకు ప్రమాణము కాదు. అందును శివుఁడు బిడ్డను తిరిగి యిచ్చినాఁడు గదా.

వ్యవహారమునకు దగ్గఱగా నుండు కథ ఐతరేయబ్రాహ్మణములోని శునశ్శేపునిది. అజీగర్తుఁడు ముగ్గురు కొడుకులలో నడిమివానిని నూఱు గోవులకు యజ్ఞపశువుగా అమ్మెను. మఱియొక నూఱింటికి తన చేతులతోనే యూపమునకు కట్టెను. దేవతల దయవలన బంధము వీడి బ్రదికిన ఆ బాలుఁడు, తండ్రి మరల రమ్మని పిలిచినపుడు పోలేదు. విశ్వామిత్రుని తండ్రిగా వరించెను. రక్తదానమును నరబలితో పోల్చుచున్నానని ఎవ్వరును తలఁపవలదు. ఒకటి ప్రాణము నిలుపునది, మఱియొకటి ప్రాణము తీయునది. బిడ్డ దేహమువిషయమున తండ్రి "సరే" యనుటకు హద్దు కలదని చూపుటకే ఈ కథను తెచ్చితిని.

ఇఁక అమెరికా సంగతి. మీలో పలువురి మనుమలు, మనుమరాండ్రు అక్కడ చదువుచున్నారు గావున ఇది మనకు బొత్తిగా పరాయి విషయము కాదు. అక్కడి ఉన్నతపాఠశాలలలో రక్తదాన శిబిరములు జరుగుట పరిపాటి. నా పూర్వశిష్యుఁడొకఁడు న్యూయార్కు రాష్ట్రమున కాపురమున్నాఁడు. పదునాఱేండ్లు నిండిన వాని కూఁతురు బడినుండి ఒక అనుమతిపత్రము తెచ్చి, సంతకము చేయుమనెనఁట. వాఁడు దాని చిత్రమును ఫోనులో నాకు పంపి, "మాస్టారూ, పెట్టమందురా, వలదందురా?" అని అడిగెను.

అక్కడ కేంద్రప్రభుత్వము దాతకు కనీసపు బరువు 110 పౌండ్లని, అనఁగా సుమారు 50 కిలోలని, నిర్ణయించినది గాని కనీసపు వయస్సు నిర్ణయింపలేదు. దానిని రాష్ట్రములకు విడిచినది. పెక్కు రాష్ట్రములలో 17 ఏండ్లు నిండినవారు తమంతట తామే సమ్మతింపవచ్చును. 16 ఏండ్లవారికి తల్లిగాని తండ్రిగాని సంరక్షకుఁడుగాని వ్రాసి యీయవలయును. న్యూయార్కునను అట్లే. ఇంగ్లండులో 17 ఏండ్లవారు తామే యిత్తురు.

ఈ అనుమతిపత్రము నిన్న మొన్న పుట్టినది కాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికా రెడ్ క్రాసు సంఘము సైనికులకై రక్తము సేకరించునపుడు, 21 నిండనివారు తల్లిదండ్రుల వ్రాఁతమూలకమైన సమ్మతి తేవలసియుండెను; ఏలయన అప్పుడు అక్కడ వ్యవహారమునకు వయస్సు 21. తరువాత 1971లో ఓటు వయస్సు 18కి దిగెను. వ్యవహారవయస్సును రాష్ట్రములు క్రమముగా దించుకొన్నవి. రక్తదానపు వయస్సును దాని వెంటనే దిగి, దానిని కూడ దాఁటి క్రిందికి పోయినది. చిన్నప్పుడు అలవాటు పడినవాఁడు పెద్దయైన పిదపను ఇచ్చుచుండునని వారి ఆశ. ఆ యాశ తప్పనను.

అయితే దాని వెల యెంతయో కూడ వారే లెక్కించుకొన్నారు. 2006లో రెడ్ క్రాసువారు కొన్ని ప్రాంతములలో సేకరించిన రక్తదానములను పరిశీలించి, 2008లో అమెరికా వైద్యసంఘపు పత్రికలో ఒక వ్యాసము ప్రకటించిరి. 16, 17 ఏండ్ల దాతలయొద్ద తీసిన నూఱింటిలో 10.7 మాఱులు ఏదో యొక యిబ్బంది కలిగినది. 18, 19 ఏండ్లవారిలో 8.3 మాఱులు. 20 దాఁటినవారిలో 2.8 మాఱులు మాత్రమే. వీనిలో పెక్కు స్వల్పములు: కన్నులు తిరుగుట, చెమట పట్టుట, సూది గ్రుచ్చినచోట కందుట. అయినను సొమ్మసిల్లి క్రిందఁబడి దెబ్బ తగిలించుకొనుటయు చిన్నవారిలోనే హెచ్చుగా కనఁబడినది. ఈ అంకెలలో నాకు వింతగా తోఁచినది పదునెనిమిదేండ్లవారి లెక్క. వారును చిన్నవారి ప్రక్కనే యున్నారు గాని పెద్దల ప్రక్కన లేరు. పదునెనిమిదవ పుట్టిననాఁడు నెత్తురు మాఱదు. చట్టమునకు ఎచ్చటనో గీఁత గీయక తప్పదు, అంతియే.

ఆ లెక్క చూచిన పిమ్మట అక్కడ పిల్లల విషయమున జాగ్రత్తలు పెంచిరి. కొన్ని సంస్థలు చిన్నవారికి ఎత్తును బరువును జోడించి పట్టికలు వేసికొన్నవి. పొట్టిపిల్లకు పొడవుపిల్లకంటె బరువు ఎక్కువ ఉండవలయును; లేకున్న దేహములో రక్తమే తక్కువ. ఇచ్చుటకు ముందు పెద్దగ్లాసుతో నీరు త్రాగింతురు. ఇచ్చునపుడు కాళ్ల కండరములు బిగించి వదలుమందురు. ఇచ్చిన పిదప కొంతసేపు లేవనీయరు.

శిష్యునకు నేను చెప్పినది ఇది. కాగితమును సంతకమునకు ముందు చదువుము. తీసిన రక్తమును ఎయిడ్సు, కామెర్లు మొదలగు వ్యాధులకై పరీక్షింతురనియు, దోషము కనఁబడినచో తెలియఁజేసి, ఇఁక ఇయ్యఁగూడనివారి పట్టికలో పేరు చేర్తురనియు అందు వ్రాసియుండును. దానిని బిడ్డతో కలసి చదువుము. ఆపైని, ఇచ్చుట తన కోరికయా, స్నేహితురాండ్రందఱు పోవుచున్నారనియా యని అడుగుము. చివరకు, పొద్దున ఏమి తినుచున్నదో చూడుము. తండ్రి సంతకము పిల్లకు దారి విడుచుటయే గాని పిల్లను త్రోయుట కారాదు. అక్కడి పద్ధతియు ఈ విషయమున మెచ్చఁదగినది. తండ్రి సంతకము చేసినను, లోపలి ప్రశ్నలు బిడ్డను ఒంటరిగానే అడుగుదురు. బిడ్డ "నా కిష్టము లేదు" అన్నచో అంతటితో సరి.

వాఁడు సంతకము చేసెను. పిల్ల పోయెను. వ్రేలినుండి చుక్క తీసి చూడఁగా హీమోగ్లోబిను 12.5కు తక్కువగా నుండెను. తండ్రి సమ్మతించినను, బిడ్డ కోరినను, నెత్తురు ఒప్పుకొనలేదు. ఇనుముగల యాహారము తిని తరువాత రమ్మని పంపిరి.

ఆ పిల్ల పాలు, పండ్లు కొఱవడని యింట పెరిగినది. మన పల్లెల మాట యేమి? 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేప్రకారము మన దేశమున 15 మొదలు 19 ఏండ్ల ఆఁడుపిల్లలలో నూటికి 59 మందికి, మగపిల్లలలో 31 మందికి రక్తహీనత కలదు. ఇవ్వవలసిన వయస్సు కాదు, ఎక్కించుకొనవలసిన స్థితి యని చమత్కరింపవచ్చును గాని నవ్వు రాదు.

మఱియొక కారణము ధనము. ఒకప్పుడు మన దేశమున డబ్బు పుచ్చుకొని రక్తమమ్మువారుండిరి. 1996 జనవరిలో సుప్రీంకోర్టు, కామన్ కాజ్ అను సంస్థ తెచ్చిన వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, ఆ పద్ధతిని రెండేండ్లలోపల నిర్మూలింపవలెనని ఆజ్ఞాపించెను. 1998 జనవరి 1 నుండి అది నిషిద్ధము. తండ్రి సంతకముతో మైనరు రక్తము తీయవచ్చునని నియమమే యున్నచో, ఆ సంతకమునకు వెల కట్టువారు బయలుదేరరను నమ్మకము నాకు లేదు. అజీగర్తునకు నూఱు గోవులు కావలసివచ్చెను. అప్పులపాలైన వానికి ఒక నోటు చించివేసినచో చాలును. కాఁబట్టి ఆ దేశపు కాగితము ఆ దేశమున మంచిదే కావచ్చును, మన దేశమునకు ఇప్పుడు తగదని నా అభిప్రాయము.

"అమ్మ ప్రాణము పోవుచుండఁగా ఈ విచారములేల? కొడుకు నెత్తురు తల్లికి ఇతరుల నెత్తురుకంటె మేలు గదా?" యని కొందఱు వాదింతురు. మేలు కాదు సరిగదా, అందొక అపాయము కలదు. దగ్గఱి రక్తసంబంధుల రక్తములోని తెల్లకణములను రోగి శరీరము ఒక్కొక్కప్పుడు పరాయివని గుర్తింపదు. అవి లోపల నిలిచి ఆ శరీరముమీఁదనే తిరుగఁబడును. ఇది అరుదు, వచ్చినచో మాత్రము బ్రదుకుట కష్టము. అందుచే రక్తసంబంధులు ఇచ్చినదానిని ముందుగా ప్రత్యేక కిరణములకు గుఱిచేసి ఆ కణముల బలము తీసివేసిన పిదపనే యెక్కింపవలయునని వైద్యులు చెప్పుదురు. మార్పిడిగా ఇచ్చు రక్తమా, రోగి వర్గమునకే చెందనక్కఱలేదు. నిలువలో చేరి మఱియెవరికో పోవును. ఆ యేడుగురు బంధువులలో ఏ యిద్దఱిచ్చినను పని జరుగును. పదునేడేండ్లవానిని ముందునకు నెట్టుట రక్తము కఱవై కాదు, పెద్దల ధైర్యము కఱవై.

రక్తమునకు లేని మినహాయింపు కొన్నింటికి కలదు. దాని కారణమును ఈ మాటతోనే తెలియును. తలసీమియా వంటి రోగమున్న బిడ్డకు మూలుగ మార్పవలసి వచ్చినపుడు, సరిపడునది తఱచుగా తోఁబుట్టువుదే. పరాయివాఁడు దొరకుట కష్టము. అట్టిచోట మైనరు తోఁబుట్టువునుండి తల్లిదండ్రుల సమ్మతితో మూలుగ తీయుట మన దేశమునను జరుగుచున్నది. అవయవములవిషయమున చట్టము ఇంకను బిగువు. 1994 నాఁటి అవయవమార్పిడి చట్టమునకు చేసిన 2014 నియమములప్రకారము, బ్రదికియున్న మైనరునుండి అవయవము తీయఁగూడదు. అసాధారణమైన వైద్యకారణములున్నచో వానిని వివరముగా వ్రాసి, అధికారసంస్థయొక్కయు రాష్ట్రప్రభుత్వముయొక్కయు అనుమతి ముందుగా పొందవలయును. 2022 డిసెంబరులో కేరళ హైకోర్టు, పదునేడేండ్ల బాలిక తన తండ్రికి కాలేయములో కొంత భాగమిచ్చుటకు అనుమతించినది. అచ్చటను ఇంటివారి సంతకము చాలలేదు. కోర్టు దాఁక పోవలసివచ్చినది. బదులు దొరకనిచోటనే బిడ్డ దేహముమీఁదికి చూపు పోవలయును. రక్తమునకు బదులు దొరకును; పదునెనిమిది దాఁటి ఆరోగ్యముగా నున్న ప్రతివాఁడును బదులే.

ఇఁక మీ గ్రామములలో శిబిరములు జరిపించువారికి రెండు మూఁడు మాటలు. జూనియరు కళాశాలలో శిబిరము పెట్టుట వ్యర్థము. అక్కడి పిల్లలలో అధికభాగము పదునాఱు, పదునేడేండ్లవారు. డిగ్రీ కళాశాలలోనో, పంచాయితీ కచేరిలోనో పెట్టుఁడు. వయస్సు నోటిమాటపై నమ్మక కార్డు చూడుఁడు. మా చిన్ననాఁట బడిలో చేర్చునపుడు తేదీ ఊహించి చెప్పెడివారు; ఊరి పిల్లలందఱు జూన్, జులై నెలలలోనే పుట్టినట్లు రిజిస్టరు పలుకుచుండెడిది. ఇప్పుడు జననధ్రువపత్రములు వచ్చినవి గావున ఆ సాకు చెల్లదు. మీలో అఱువది దాఁటనివారు మొదటిమాఱైనను ఇయ్యవచ్చును. నేను లోఁగడ ఇచ్చుచున్నవాఁడనగుటచే 65 వఱకు నాకును వీలు కలదు.

పదునెనిమిది నిండిననాఁటినుండి కథ తిరుగఁబడును. అప్పుడు తండ్రి అనుమతి అక్కఱలేదు. తండ్రి వలదన్నను చెల్లదు. "పెండ్లి కావలసిన పిల్ల, నీరసించిపోవును" అని శిబిరమునకు వచ్చి చేయి పట్టి లాగుకొనిపోయినవారిని చూచితిని. పిల్ల బరువు, హీమోగ్లోబిను సరిగా నున్నచో వైద్యుఁడు చూచుకొనును; తండ్రి చేయవలసినది ఆ రాత్రి కడుపునిండ అన్నము పెట్టించుట.

వయస్సు చాలని పిల్లలను శిబిరమునుండి తఱిమివేయవలదు. వారికి పని చాల కలదు. పేరులు వ్రాయుట, మంచినీరు తెచ్చుట, పండ్లరసము అందించుట, రక్తమిచ్చినవారిని పావుగంటసేపు కుర్చీనుండి లేవనీయకుండ కాచుట. ఈ కడపటి పని వారివలె ఎవ్వరును చేయలేరు. నేను చెప్పినచో ఊరి పెద్దరైతులు "ఏమీ కాదులెండి పంతులుగారూ" అని లేచి పోవుదురు. పదునాఱేండ్ల పిల్ల యెదుట నిలిచి "కూర్చోండి తాతగారూ, ఇంకా ఐదు నిమిషాలున్నాయి" అన్నచో కదలక కూర్చుందురు.